నూకరత్నం వస్తేనే నిలిచే బ్రేకర్

విద్యుత్ శాఖలో రిటైరవడానికి ముందు ఏడాది నేను కాకినాడలో ఎమ్మార్టీ ఏడీఈగా ఉన్నాను. ఎమ్మార్టీ అంటే మీటర్లు, రిలేలు పరీక్షించే విభాగం. ఏడీఈ అంటే పైనుంచీ కిందనుంచీ తిట్లు సమానంగా అందే హోదా. వేట నిషేధం ముగిసిన జూన్‌లో, ఉప్పాడ దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీలో కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు నిలవడం లేదని ఫిర్యాదు వస్తే మా పై అధికారి ఎస్‌ఈ గారు నన్ను పంపారు.

నేను వెళ్లేసరికి, లైను పని కోసం తీసిన కరెంటు అప్పుడే తిరిగి వచ్చింది. అయినా ఆపరేటరు ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు కలిపే బ్రేకర్ వేయకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎందుకని అడిగితే యజమాని వీర్రాజు గారు, "రత్నం రావాలండి. బండి పంపించాను," అన్నారు. ఎవరో పెద్ద టెక్నీషియన్ అనుకున్నాను. కాసేపటికి మోటారుసైకిలు వెనకనుంచి, ఒళ్లో చేపల గంపతో, మండిపడుతూ ఒకామె దిగింది. పేరు నూకరత్నం. పిఠాపురం మార్కెట్టులో చేపలు అమ్ముకుంటుంది.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు ఇచ్చిన మొదటిరోజు బ్రేకర్ వేసినప్పుడల్లా ట్రిప్పయిందట. ఐసు కోసం వచ్చిన నూకరత్నం ఏమిటీ గోలని లోపలికి తొంగిచూసినప్పుడు మాత్రం నిలిచింది. అప్పటినుంచి కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆమె రావలసిందే. ఆమె ఉన్నా ఒక్కోసారి ట్రిప్పయ్యేది. అప్పుడు గంప కింద దించలేదనో, ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూడలేదనో వీర్రాజు గారు కారణం కనిపెట్టేవారు. మా శాఖ మాన్యువల్‌లో కూడా అన్ని నిబంధనలు లేవు.

"బేరం మద్దెలో లాక్కొచ్చేత్తన్నారండి బాబుగారూ. నేను తిరిగెళ్లేలోగా చేపలు మెత్తబడిపోతన్నాయి. రోజూ కొనేవోళ్లు ఇంకోళ్ల దగ్గరికి ఎల్లిపోతన్నారు. రానంటే ఐసు ఇవ్వరేమోనని బయం," అంది నూకరత్నం.

ముందు ఆమె గంపలో ఐసు వేయించి, తర్వాత పనిలో దిగాను.

ఇందులో మాయ ఏమీ లేదు. కరెంటు తగిలిన తొలి క్షణాల్లో ట్రాన్స్‌ఫార్మర్‌లోని ఇనుప కోర్ మామూలు కరెంటుకు ఎన్నో రెట్లు లాగుతుంది. దాన్నే ఇన్‌రష్ కరెంటు అంటాం. బ్రేకర్ వేసిన క్షణంలో వోల్టేజీ ఏ దశలో ఉందో, కిందటిసారి ఆపినప్పుడు ఇనుములో అయస్కాంతత్వం ఎంత మిగిలిందో, దాన్నిబట్టి అది ఎక్కువో తక్కువో అవుతుంది. కాసేపట్లో దానంతటదే తగ్గిపోతుంది. ఇక్కడ కాపలా కాసే రిలేను మరీ తక్కువ కరెంటుకు సెట్ చేశారు. ఇన్‌రష్ ఎక్కువైతే అది షార్ట్ సర్క్యూట్ అనుకుని బ్రేకర్‌ను ట్రిప్ చేసేది. తక్కువైతే ఊరుకునేది. ఊరుకున్న రోజున ఎదురుగా నూకరత్నం ఉంది, అంతే.

ట్రాన్స్‌ఫార్మర్‌లో లోపం లేదని, ఇన్సులేషన్ కొలిచే మెగ్గరుతో నిర్ధారించుకున్నాను. రిలే సెట్టింగును ఇన్‌రష్‌కు పైన, నిజమైన షార్ట్ సర్క్యూట్‌కు కింద ఉండేలా పెంచి, టెస్ట్ కిట్‌తో సరిచూశాను. బ్రేకర్ వేయించాను. ట్రాన్స్‌ఫార్మర్ గట్టిగా మూలిగి, మామూలు రొదలో పడింది. తీసి మళ్లీ వేయించాను. నిలిచింది.

"రత్నం ఇక్కడే ఉంది కదండి," అన్నారు వీర్రాజు గారు.

ఆమెను గేటు బయటికి పంపి వేయించాను. "గేటు దగ్గరే ఉంది కదండి," అన్నారు. బీచి రోడ్డు మలుపు దాకా పంపి వేయించాను. అప్పుడూ నిలిచింది.

"దాని గంప ఇక్కడే ఉందండి," అన్నారు.

సర్వీసంతా కలిపి ఏ లైన్‌మన్ మీదా అరవనంత గట్టిగా అరవబోయాను. ఈలోగా నూకరత్నం ఎండలో తిరిగి వచ్చి గంప మీది గోనె తడుపుతూ నా మొహంలోకి చూసింది. ఆమెను ఈ డ్యూటీ నుంచి తప్పించడానికి నా చదువు సరిపోదని అర్థమైంది. గొంతు సవరించుకుని, "వీర్రాజు గారూ, కొత్త సెట్టింగుకి రత్నం పనికిరాదండి. ఇక మీదట యజమానే నిలబడాలి. గంప అక్కర్లేదు," అన్నాను.

ఆయన చొక్కా సర్దుకుని ట్రాన్స్‌ఫార్మర్ ఎదుట నిలబడ్డారు. బ్రేకర్ నిలిచింది. "నాకు మొదట్నుంచీ అనుమానమేనండి," అన్నారాయన.

నూకరత్నం "ఇంక నన్ను పిలవరు కదండి?" అని రెండుసార్లు అడిగి, ఆయన తల ఊపాక, సాయంత్రం బేరానికైనా అందుకుందామని అదే మోటారుసైకిలు ఎక్కింది.

ఆ తర్వాత ఆమెను ఎవరూ పిలవలేదనీ, వీర్రాజు గారు మాత్రం కరెంటు వచ్చినప్పుడల్లా భోజనం మధ్యలో లేచి వెళ్లి నిలబడుతున్నారనీ ఆపరేటరు ఫోనులో చెప్పాడు. సెట్టింగు సరిగ్గా ఉన్నంతవరకు ఎవరు నిలబడినా ట్రాన్స్‌ఫార్మర్‌కు అభ్యంతరం లేదు. మిగిలిన సర్వీసులో నేను పాటించిన పద్ధతి ఇది: ముందు రిలే సరిచేయాలి, తర్వాత ఆ ఘనతను అక్కడున్న వారిలో వేరే పని లేనివారికి అప్పగించాలి.