కంట్రోలర్ పడిపోయింది

మా ఆయన బెన్‌హర్‌కు ఒక రోగం ఉంది. ఎదుటివాళ్లు చెప్పేది చివరిదాకా వినడు, మధ్యలోనే ప్రశ్నలు మొదలుపెడతాడు. కూరలో ఉప్పు తగ్గినా సరే, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మార్చావని అడుగుతాడు. ఆయన పని అలాంటిది. నిజామాబాద్‌లో కూర్చుని, బోధన్ బస్టాండులో పెట్టిన వైఫైని ఫోన్‌లో కనిపెట్టుకుని ఉంటాడు. స్తంభాల మీది వైఫై పెట్టెలన్నింటినీ నడిపించే పెద్ద డబ్బా ఒకటి ఉంది, దాన్ని కంట్రోలర్ అంటారు. బస్సుల వేళలు చూసి మైకులో చెప్పే ఆమె గదిలోనే దాన్ని గోడకు బిగించారు. బస్టాండంతా ఆమెనూ కంట్రోలర్ అనే పిలుస్తుంది. ఆడమనిషి పడినా, డబ్బా పడినా మనం 'పడిపోయింది' అనే కదా అంటాం! గొడవంతా అక్కడే వచ్చింది.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నాం. బస్టాండులో చెరుకు రసం అమ్మే సిద్దిరాములు ఫోన్ చేశాడు. వైఫై ఆగినప్పుడల్లా కబురు చెప్పేది అతనే. చేతికి కూర అంటిందని ఈయన స్పీకర్ పెట్టాడు.

"బెన్‌హరన్నా, కంట్రోలర్ పడిపోయింది. ఎంత లేపినా లేస్తలేదు."

"లైట్లు వెలుగుతున్నయా?"

పాపం, సిద్దిరాములు గదిలోని ట్యూబ్‌లైటు చూసి ఉంటాడు. వెలుగుతున్నాయన్నాడు.

"ముట్టి సూడు, వేడిగున్నదా?"

"లేదన్నా, సల్లగున్నది."

"గట్లయితే మంచిదే."

తర్వాత సిద్దిరాములే, అంతా తడితడిగా ఉందన్నాడు. డబ్బా మీద నీళ్లెక్కడివని ఈయన కంగారుపడి, ఎడమచేత్తో యాప్ తెరిచాడు. అన్నీ పచ్చగానే ఉన్నాయి. పెట్టెలు పనిచేస్తున్నాయి, జనం హాయిగా వైఫై వాడుకుంటున్నారు. పడిపోయిన కంట్రోలర్ ఇన్నింటినీ ఎలా నడుపుతోందో అంతుపట్టక నా మొహం చూశాడు. నాకేం తెలుసు?

"దాన్ని పూర్తిగ బంద్ జెయ్. జరసేపు ఆగి మళ్ల లేపు," అన్నాడు చివరికి.

"ఏందన్నా, పెద్దమనిషిని పట్టుకొని దాన్ని అంటున్నవ్?" అన్నాడు సిద్దిరాములు. "మనిషిని బంద్ జేసుడేంది?"

నా నోట్లో ముద్ద అలాగే ఆగిపోయింది. మా అమ్మ శారమ్మకు షుగర్ పడిపోయినప్పుడూ ఇంతే, ఒళ్లు చల్లబడి చెమటతో తడిసిపోయేది. ఫోన్ లాక్కున్నాను. ముందు 108కి చెప్పమన్నాను. ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టమని, నోట్లో ఏమీ పోయొద్దని, వేలికి చెరుకు రసం అద్ది పెదవుల లోపల రాయమని చెప్పాను. సిద్దిరాములు ఏడుస్తూనే సరే వదినా అన్నాడు. ఇంట్లోవాళ్లకు కబురు చేయాలి, ఆమె పేరేంటని అడిగాను. కంట్రోలర్ అన్నాడు. పేరు చెప్పమని గట్టిగా అడిగితే, తెలియదన్నాడు, అందరూ అలాగే పిలుస్తారట.

ఈయన వైపు చూశాను. ఎప్పుడు బోధన్ పోయినా ఆమె గదిలో కూర్చుని, ఆమె తెప్పించిన చాయ్ తాగి వచ్చే మనిషి. ఈయనకూ తెలియదట! నాకు ఒళ్లు మండిపోయింది.

మేం బండి మీద బోధన్ చేరేసరికి ఆమెను ఆసుపత్రిలో పడుకోబెట్టి గ్లూకోజు ఎక్కిస్తున్నారు. సిద్దిరాములు మంచం పక్కనే ఉన్నాడు. యాప్‌లో అన్నీ బాగానే ఉన్నాయి కదా అని ఈయన దారి పొడుగునా గొణుగుతూనే వచ్చాడు, ఆమెను చూశాక నోరు మూసుకున్నాడు. బతుకుతుందా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

కొంతసేపటికి ఆమె కళ్లు తెరిచింది. నర్సు వంగి, పేరేంటమ్మా అని అడిగింది.

"కంట్రోలర్," అంది ఆమె.

ఇంకా తెలివి రాలేదని నర్సు తల అడ్డంగా ఊపింది.

"వచ్చింది సిస్టర్, సక్కగనే జెప్తున్నది," అన్నాడు మా ఆయన.

నర్సు మళ్లీ అడిగింది. ఆమె మా ముగ్గురినీ ఒక్కొక్కరిగా చూసింది.

"రాధాబాయి," అంది మెల్లగా, అంతేనా కాదా అని మమ్మల్నే అడుగుతున్నట్టు.

అవునని చెప్పడానికి మాలో ఒక్కరికీ తెలియదు.