అన్న నెత్తి మీది పసుపు మచ్చ

1961 మార్చి 12, ఆదివారం ఉదయం ఏడు గంటలకు, బెల్లంపల్లిలో మా వాకిట మంగలి అన్నకు క్షవరం చేస్తుండగా అతని నెత్తి మీది మచ్చ నుంచి రక్తం కారింది. పుట్టుకతో వచ్చిన, వెంట్రుక మొలవని ఆ పసుపు మచ్చ ధర్మపురి నరసింహస్వామి గుర్తని మమ్మల్ని కన్న బాపు నమ్మకం. పండుగనాడు మొదటి నూనె చుక్క దానికే. రెండో చుక్క నాకు; అందుకే అన్న మీద ఈర్ష్యపడేవాణ్ణి.

"కత్తి తాకిందా?" అన్నాడు బాపు.

"లే అయ్యా, గదే పగిలింది," అన్నాడు మంగలి.

అంతకు నాలుగు నెలల ముందే అన్న దిండు మీద రక్తం చూసి కూడా నేను నోరు విప్పలేదు.

"ఇలాంటి మచ్చలో అరుదుగా గడ్డ లేస్తుంది. దీని అంచున బేసల్ సెల్ అనే చర్మ క్యాన్సర్ ఉంది. మొత్తం కోసేస్తే ప్రాణభయం లేదు," అన్నాడు మచ్చ ముక్క తీసి పరీక్షించిన పట్నం డాక్టరు.

కోశారు. దసరాకు బాపు మొదటి చుక్క ఆ గాటు మీదే వేశాడు.

పోయింది రూపాయి బిళ్లంత చర్మం. మిగిలింది అన్న, నా ఈర్ష్య కూడా.