జూపార్కులో అత్తమ్మ కేక

మాది కాటారం దగ్గర పల్లెటూరు. పోయిన ఎండాకాలం హైదరాబాద్ చూడడానికి వెళ్లాం. బస్సు దిగినప్పటి నుంచీ "అత్తమ్మా, గిది పట్నం. జర మెల్లగ మాట్లాడు" అని సతాయిస్తూనే ఉన్నాను.

జూపార్కులో ఏనుగుల దగ్గర గుంపులో మా ఆరేళ్ల పాప తప్పిపోయింది. నేను గుంపులో అటూ ఇటూ పరుగెత్తి వెతుకుతున్నాను. అత్తమ్మ మాత్రం బెంచీ ఎక్కి, మక్కచేనులో చిలుకలను తోలే కేక పెట్టింది.

"హో... హోయ్!"

అందరూ నవ్వుతుంటే తల దించుకున్నాను. అంతలో కోతుల బోను వైపు నుంచి సన్నగా "హోయ్!" అని వినిపించింది. చేను కాపలాలో ఒకరు కేకేస్తే రెండోవాళ్లు బదులియ్యాలని మనవరాలికి నేర్పింది ఆమే.

పాపను ఎత్తుకుని "ఇగ జెప్పు బిడ్డా, మెల్లగ మాట్లాడాల్నా?" అంది అత్తమ్మ.

ఆ రోజంతా పట్నంలో ఆమె గొంతే మోగింది. నేను ఒక్కసారి కూడా ఆపలేదు.