హంసలదీవిలో నాలుగున్నర క్లాసు

గుడివాడలో ఉదయం ఆరున్నరకి బందరు ప్యాసింజరెక్కాను. హంసలదీవికి పామర్రు, చల్లపల్లి మీదుగా బస్సులోనే పోవచ్చు. కానీ ఫోను నిలబెట్టే స్టాండు బందరులో నా స్నేహితురాలి దగ్గరుంది. అది లేకుండా వెళ్లడం దండగ.

ఎందుకు బయల్దేరానో ముందు చెప్పాలి. నేను ఇంట్లోనే కూర్చుని ఫోనులో చైనా పిల్లలకి ఇంగ్లీషు చెప్తాను. మాటల కార్డులు చూపిస్తాను, చిన్న పేరా చదివిస్తాను, కింద ప్రశ్నలు అడుగుతాను. పేరాలు, ప్రశ్నలు, జవాబుల కాగితం అన్నీ నా సొంత రాతే. ఆ పిల్లల్లో మేయ్‌కి ఎనిమిదేళ్లు. మొదట్లో తప్పో ఒప్పో గలగలా మాట్లాడేది. నెల రోజులుగా ఏ ప్రశ్న అడిగినా పేరా మొత్తం అప్పజెప్పి ఊరుకుంటోంది. ఈ శనివారం ఒక్కదానికైనా సొంతంగా జవాబు చెప్పకపోతే క్లాసు మాన్పించేస్తానని వాళ్లమ్మ తేల్చి చెప్పేసింది.

గైడు బట్టీ పట్టి డిగ్రీ గట్టెక్కినదాన్ని. బట్టీ అంటే నాకు ఒళ్లు మంట. ఆ పిల్లని అలా వదిలెయ్యదల్చుకోలేదు. చేపలు పట్టడం మీద నేను రాసిన 'పాయలో వల' అనే పేరా దగ్గర్నుంచే మొదలైంది ఈ జబ్బు. సరే, హంసలదీవి వెళ్లి ఆ వలనే కళ్లకి చూపిద్దామనుకున్నాను. నిజం చెప్పాలంటే, రాసిన నేనూ దాన్ని ఎప్పుడూ చూడలేదు.

బందరులో స్టాండు తీసుకుని, బస్టాండు ఎదుట అల్లం పచ్చడితో నాలుగిడ్లీలు తిని, ఎనిమిదిన్నరకి అవనిగడ్డ బస్సెక్కాను. ఆధారు కార్డు చూపిస్తే ఆడవాళ్లకి టికెట్టు సున్నా. పక్క సీటులో చల్లపల్లి దిగే పెద్దాయన నా చేతిలో స్టాండు చూసి ఉండబట్టలేకపోయాడు.

"ఎందాకమ్మా?"

"హంసలదీవండీ. చైనా పిల్లకి పాఠం చెప్పాలి."

"చైనా పిల్ల హంసలదీవిలో ఉందా?"

విషయం చెప్పాక ఆయన నవ్వి, "పిల్లక్కడ, పాఠమిక్కడ, తిరుగుడు నీకు. బాగుందమ్మా!" అన్నాడు.

పదింటికి అవనిగడ్డ, అక్కణ్నుంచి ఇంకో బస్సులో కోడూరు. కోడూరులో భోజనం కానిచ్చి, షేరాటోలో పన్నెండున్నరకి హంసలదీవి చేరాను. ఊరు దాటి కొంత నడిస్తే మడచెట్ల మధ్య సముద్రపు నీరు నిండిన పాయ. దానికి అడ్డంగా అప్పుడే వల లేపి కర్రలకి కట్టి, నలుగురు గట్టున కూర్చున్నారు. అందులో నాగమ్మ అనే ఆవిడ పక్కన చేరాను.

"నీళ్లు ఇంకా రావాలా అక్కా, చేపలు పట్టడానికి?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "వచ్చేశాయి గదమ్మా. ఇంక వెనక్కి తియ్యాలి. నీళ్లతో వెనక్కి పోబోయి చేప వలకి తగులుద్ది."

"వస్తున్నప్పుడే పట్టకూడదా?"

"బాగానే ఉంది. వాకిట్లోనే కొడితే లోపలికి ఎవరొస్తారు?"

'వలవాళ్లు దేనికోసం ఎదురుచూస్తారు?' అన్నది నా ప్రశ్న. 'నీళ్లు రావడం కోసం' అన్నది నా జవాబుల కాగితం. ఫోనులో మేయ్ పాత కాగితం తెరిచాను. నెల కిందట 'నీళ్లు వెళ్లిపోవడం కోసం' అని రాసింది. దాని మీద నా ఎర్ర గీత. మరుసటి క్లాసు నుంచే పిల్ల అప్పజెప్పడం మొదలుపెట్టింది. జబ్బు అంటించింది నేనే. సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

నాలుగున్నర అయింది. చైనాలో ఏడు. సిగ్నలు రెండు గీతలే. తెర మీద మేయ్, వెనక వాళ్లమ్మ, ఆవిడ చేతిలో నేను పంపిన జవాబుల కాగితం. నేను అదే ప్రశ్న అడిగాను. పిల్ల పేరా అందుకుంది. మధ్యలో ఆపి ఫోను పాయ వైపు తిప్పాను. నీళ్లు బాగా వెనక్కి తీసేశాయి. నాగమ్మ వాళ్లు మోకాటి లోతు బురదలో దిగి వల దగ్గర చేపలు ఏరుతున్నారు.

మేయ్ తెరకి దగ్గరగా జరిగి చూసింది. తర్వాత చిన్న గొంతుతో, "నీళ్లు వెళ్లిపోవాలి" అంది ఇంగ్లీషులో.

తల్లి కాగితం చూసి తల అడ్డంగా ఊపింది. "అమ్మా, తప్పు కాగితానిది, రాసిన నాది. మేయ్ ఆ రోజూ సరిగ్గానే చెప్పింది" అన్నాను.

పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. "మా తాతయ్య ఇలాగే చేపలు పడతాడు" అని మొదలుపెట్టి తాతయ్య వల, తాతయ్య బూట్లు, ఒకసారి దొరికిన పీత, అన్నీ చెప్పింది. పది వాక్యాల్లో ఎనిమిది తప్పులు. ఒక్కటీ దిద్దలేదు.

వెళ్లదలుచుకున్నవాళ్లు పోటు వేళ కనుక్కుని వెళ్లండి. రాత్రి ఉండాలంటే అవనిగడ్డ రావాల్సిందే. నేను ఆరున్నరకల్లా అక్కడికొచ్చి గుడివాడ వైపు బస్సెక్కాను. వచ్చే శనివారం క్లాసు ఎన్నింటికని వాళ్లమ్మ మెసేజి పెట్టింది. సంతోషం పట్టలేక కిటికీ వైపు తిరిగి కాసేపు నాలో నేనే నవ్వుకున్నాను.

తర్వాత ఒక అనుమానం వచ్చి మిగతా పిల్లల కాగితాలు తెరిచాను. 'నీళ్లు వెళ్లిపోవడం కోసం' అని రాసినవాళ్లు ఇంకో ఇద్దరున్నారు. ఇద్దరికీ ఎర్ర గీతలే కొట్టాను. బస్సు కుదుపుల్లోనే మొదటి పిల్లాడి తల్లికి మెసేజి రాయడం మొదలుపెట్టాను: "మీవాడు చెప్పిందే సరైనది."