వాచీ లేని బెల్టు

నవ్వాలనుకున్నవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మొదలెట్టాక నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది. బైబిలు మీద చెయ్యేసి చెబుతున్నాను, ఇది నాకు జరిగింది. ఇక్కడే నర్సీపట్నంలో, మా ఇంట్లో... నేను మెలకువగా ఉండగానే.

మా ఆయన తాండవ రిజర్వాయరులో చేపలు పట్టేవాడు. ఆయనకో వాచీ ఉండేది. నీళ్లలో మునిగేవాళ్లు పెట్టుకుంటారే, ఆ బరువైన బ్యాటరీ వాచీ. దానికి మార్చుకునే బెల్టులు ఉండేవి. చర్చికి గుడ్డది, పెళ్లిళ్లకి స్టీలు చైను, వలకి నల్ల రబ్బరుది. బయల్దేరేముందు గడప మీద కూర్చుని వాచీ చుట్టూ ఉన్న రింగు తిప్పేవాడు. టిక్... టిక్... టిక్... వల ఎప్పుడు తియ్యాలో దాంతో గుర్తు పెట్టుకునేవాడు. ఆ రింగు ఒకవైపే తిరుగుతుంది. వెనక్కి తిప్పుదామన్నా తిరగదు.

మొన్న వానల్లో పడవ తిరగబడింది. మనిషి పోయాడు. వాచీ మాత్రం ఆగలేదు.

ఆయన్ని బయటికి తీశారని తెలిసి నేను గట్టుకి చేరేసరికే మా బావగారు, అంటే ఆయన అన్నయ్య, దాన్ని తమ్ముడి చేతి నుంచి తీసేశారు. పోయినాయన పేరు మీద ఇంట్లో పెట్టిన ప్రార్థనకి, అదే ఆదరణ కూటానికి, దానికి స్టీలు చైను వేసి, చేతికి పెట్టుకుని మరీ వచ్చారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. ఆ చెయ్యే చూస్తూ కూర్చున్నాను. భోజనాలయ్యాక అడిగాను.

"బావగారూ, ఆ వాచీ నాకిచ్చీయండి."

"ఆడమనిసివి, మగోడి వాచీ నీకెందుకమ్మా?"

"పెట్టుకోడానికి కాదండీ. ఆయన సేతికున్నదండీ అది..."

"మా తమ్ముడిది నాకు కాకపోతే ఇంకెవలికి?" అంటూ జేబులోంచి రబ్బరు బెల్టు తీసి నా ముందు పడేశారు. "ఇది నీసు కంపు కొడతంది. కావలిస్తే ఉంచుకో."

హాయిగా వాళ్లూరు రావికమతం బస్సెక్కి వెళ్లిపోయారు.

ఆ రాత్రి కరెంటు పోయింది. వాచీ తీసేస్తే ఆ బెల్టు రెండు ముక్కలే. ఆ రెండు ముక్కలూ బల్ల మీద విడివిడిగా పెట్టి పడుకున్నాను. నిద్ర ఎక్కడ పడుతుంది... వాన ఆగింది. కప్పలు కూడా ఊరుకున్నాయి. అప్పుడు...

టిక్.

బల్లి అనుకున్నాను.

టిక్... టిక్...

బల్లి అలా అరవదు. రింగు తిప్పుతున్న చప్పుడు... గడప దగ్గర్నుంచి. కొంచెం తిప్పడం... ఆగడం... సరిచూసుకుని మళ్లీ ఇంకొంచెం తిప్పడం... అచ్చం ఆయన తిప్పే తీరే. దుప్పట్లోంచే యేసయ్యా అనుకున్నాను. ఆ తర్వాత నీసు వాసన. బెల్టు వాసన అంటారు మీరు. బెల్టు నా తల దగ్గర బల్ల మీదుంది. వాసన గడప వైపు నుంచి వచ్చింది.

ఫోన్ లైటు వేశాను. గడప మీద ఎవరూ లేరు. లైటు బల్ల వైపు తిప్పాను...

బెల్టు రెండు ముక్కలూ కలిసి ఉన్నాయి. బకిలు పెట్టి ఉంది. ఆయన పెట్టుకునే కన్నంలోనే. వాచీ ఉండాల్సిన చోటు మాత్రం ఖాళీ.

నేనే మగతలో పెట్టానా? ఏమో, ఒట్టేసి కాదనలేను.

ముందు ఏడుపొచ్చింది. దాని వెనకే కోపం వచ్చింది. చీకట్లోకి అరిచాను. "నన్నేటి సెయ్యమంటావు? నా కాడ లేదు! మీ అన్న కాడుంది. బేగి రావికమతం ఎల్లి ఆయన్నడుగు!"

చప్పుడు ఆగిపోయింది. మళ్లీ రాలేదు.

తెల్లారగానే బావగారికి ఫోన్ చేశాను. రాత్రి నిద్ర పట్టిందాండీ అని అడిగాను.

"సుబ్బరంగా పట్టీసింది. ఏటమ్మా?" అన్నారు.

ఆ వాచీ ఇప్పటికీ బావగారి చేతికే ఉంది.

అదేమిటో నాకు తెలీదు. బల్లో, నా పిచ్చో... కానీ మా ఆయనే వచ్చుంటే మాత్రం... బతికుండగా అన్నయ్య ముందు ఒక్క మాట నోరెత్తి అడగలేదు ఆ మనిషి. ప్రతిదీ ఇంటికొచ్చి నా దగ్గరే ఏడ్చేవాడు. చచ్చాక కూడా నా దగ్గరికే వచ్చాడు.