చంకలో దిండు

మా బాబాయి హెవీ మెటల్ కచేరీకి చంకలో దిండు లేకుండా వెళ్ళిన పాపాన పోలేదు.

మిగతా అభిమానులు నల్ల బనియన్లు వేసుకుని, మెడలో గొలుసులు, మణికట్టుకు మేకుల పట్టీలు తగిలించుకుని వచ్చేవాళ్ళు. బాబాయి కూడా నల్ల బనియనే వేసుకునేవాడు. దాని మీద పళ్ళికిలించే పుర్రె బొమ్మ ఉండేది. ఆ పుర్రెకి పక్కగా, చంకలో, తెల్లటి గలీబు తొడిగిన కొత్త దిండు ఉండేది. చూసినవాళ్ళకి యముడు ఒంట్లో బాగాలేక ఆస్పత్రిలో చేరడానికి వెళ్తున్నట్టు ఉండేది.

దిండు ఆయన కోసం కాదు. స్టేజీ మీద పాడేవాళ్ళ కోసం.

బాబాయిది పరుపుల కొట్టు. ముందు గదిలో చుట్టలు చుట్టి నిలబెట్టిన పరుపులు, వెనక గదిలో దూది ఏకే యంత్రం. అది మొదలైందంటే గోడకున్న మేకులు వాటంతటవే ఊడి వచ్చేవి. పని చేస్తూ వినడానికి రేడియో పెట్టుకుంటే ఒక్క ముక్క వినపడేది కాదు. శాస్త్రీయ సంగీతం పెట్టి చూశాడు. విద్వాంసుడు పాడుతున్నాడో ఆవులిస్తున్నాడో తెలియలేదు. సినిమా పాటలు పెట్టాడు. హీరో, హీరోయిన్ ఇద్దరూ దూదిలో మునిగిపోయారు. చివరికి పక్కనున్న క్యాసెట్ల కొట్టాయన జాలిపడి ఒక హెవీ మెటల్ క్యాసెట్టు తెచ్చిచ్చాడు. అది పెట్టీ పెట్టగానే ఆ గాయకుడి గొంతు యంత్రం మోతని రెండుగా చీల్చుకుని బయటికొచ్చింది.

"మగాడంటే వీడ్రా!" అన్నాడు బాబాయి, చేతిలో సూది వదిలేసి. "నా మిషను మీద గెలిచాడు!"

ఆ రోజు నుంచీ ఆయన భక్తుడైపోయాడు. ఆ గాయకుణ్ణి మాత్రం ఏనాడూ పేరుపెట్టి పిలవలేదు. 'పెద్దాయన' అనేవాడు.

క్యాసెట్టులో గొంతే వినపడుతుంది, మెడ కనపడదు. అసలు సంగతి మొదటి కచేరీకి వెళ్ళినప్పుడు బయటపడింది. తిరిగొచ్చిన మనిషి మొహం వాడిపోయి ఉంది.

"ఎలా ఉంది మీ గోల?" అంది పిన్ని.

"పాట బ్రహ్మాండమే. మెడలే, పాపం."

"ఎవరి మెడలు?"

"అందరివీనూ. ఒక్కొక్కడూ తలకాయని పాత గోనె దులిపినట్టు దులిపేస్తున్నాడు. వీళ్ళంతా వెళ్ళి ఏ దిండు మీద పడుకుంటారే?"

"వాళ్ళకేం, డబ్బున్నవాళ్ళు. బంగారు దిండు మీద పడుకుంటారు."

"అదేనే నా భయం," అన్నాడు బాబాయి.

అలా మొదలైంది. ఏ బృందం వస్తోందని తెలిసినా, ముందు దాని మనుషుల ఫోటోలు సంపాదించేవాడు. మొహాలు చూసేవాడు కాదు. గడ్డం కింద నుంచి భుజం దాకా వేలితో కొలుచుకునేవాడు. గిటారు వాయించే ఒకాయనకి 'కొంగమెడ' అని, డ్రమ్ములాయనకి 'ఎద్దుమూపు' అని పేర్లు పెట్టుకున్నాడు. కొంగమెడకి మెత్తన, ఎత్తు తక్కువ. ఎద్దుమూపుకి గట్టిగా, మధ్యలో పల్లం. ఊళ్ళో ఆడపడుచుల పెళ్ళికి కూడా అంత శ్రద్ధగా కుట్టలేదని పిన్ని దెప్పేది.

"పిచ్చి ముదిరితే రోకలి తలకి చుట్టమన్నారు గానీ, దిండు చంకలో పెట్టమన్నారా?" అని నన్నే మధ్యవర్తిగా అడిగేది.

నేనేం చెబుతాను? మా పత్రికలో ఈ కచేరీల వార్తలు రాయడానికి ఎవరూ ముందుకు రాక ఆ పని నా నెత్తిన పడింది. అందుకని బాబాయి వెళ్ళిన ప్రతి కచేరీకీ పక్కన నేనున్నాను. మైదానం గేటు దగ్గర జరిగే తతంగం నాకు కంఠతా వచ్చు. అక్కడ ఎప్పుడూ ఒకే కాపలాదారు ఉండేవాడు. గుబురు మీసాల మనిషి. పక్కకి చూడాలంటే మెడ తిప్పేవాడు కాదు, బీరువా జరిపినట్టు మనిషంతా తిరిగేవాడు.

"ఏంటది?"

"దిండు."

"కచేరీలో పడుకుంటావా?"

"నేనెందుకు పడుకుంటానయ్యా? ఆయన పడుకోవాలి."

"ఎవరు?"

"గిటారాయన."

కాపలాదారు దిండు నొక్కి చూసేవాడు, వాసన చూసేవాడు, చెవి దగ్గర పెట్టుకుని కాసేపు వినేవాడు.

"లోపల ఏముంది?"

"బూరుగుదూది."

"ఇంకా?"

"ఇంకా ఏమన్నా ఉంటే దాన్ని మూట అంటారు."

ఒకసారి అనుమానం తీరక ఇనుప చువ్వతో పొడిచాడు. అసలే గాలి రోజు. బూరుగుదూది ఎగిరి వరసలో నిలబడ్డ నల్ల బనియన్ల మీద వాలింది. భయంకరంగా తయారై వచ్చిన కుర్రకారంతా క్షణంలో కోడిపిల్లల్లా అయిపోయారు. బాబాయి వాళ్ళ మధ్య వంగి వంగి తిరుగుతూ, "కదలకండి బాబూ, మంచి దూది, ఏరుకోనివ్వండి," అని బతిమాలుకున్నాడు.

లోపలికెళ్ళాక ఆయన్ని చూడాలి. చుట్టూ వేలమంది తలలు ఊపుతుంటే మధ్యలో మా బాబాయి రాటలా నిలబడేవాడు. పాట పెదాల మీద ఆడుతుండేది, తల మాత్రం కదిలేది కాదు. ఎవరైనా ఊపమని పోరితే, "మెడ అంటే చేతిపంపు కాదు నాయనా, కొట్టడానికి," అనేవాడు.

మొదట దొరికిన ప్రముఖుడు కొంగమెడ. కచేరీ అయ్యాక వెనక ద్వారం దగ్గర జనం కాగితాలు, చొక్కాలు, చేతులు చాపుతున్నారు. వాటి మధ్యలోంచి బాబాయి దిండు చాచాడు. కొంగమెడ నవ్వి, జేబులోంచి నల్ల సిరా కలం తీసి, దిండు మీద ఈ చివర నుంచి ఆ చివరకి సంతకం గీకి, వెనక్కి ఇచ్చేసి కారెక్కాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు అసూయతో మూలిగారు. బాబాయి మొహం ఎర్రబడిపోయింది.

"చూశావుట్రా! కొత్త గలీబు! పాడు చేసి చేతిలో పెట్టాడు!"

"బాబాయ్, అది సంతకం! దాని కోసం జనం ప్రాణాలిస్తారు!"

"మరి నేనేం అడిగాను వాణ్ణి? సంతకం అడిగానా?"

మర్నాడు నేను వెళ్ళేసరికి పిన్ని పెరట్లో ఆ గలీబుని వేడినీళ్ళలో నానబెట్టి, బండ మీద వేసి బాదుతోంది. ఆ కాలంలో అంత గొప్ప సంతకానికి జరిగిన అంత గొప్ప సత్కారం ఇంకోటి లేదు. గబగబా వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"ఆగు పిన్నీ! అదేంటో తెలుసా?"

"తెలుసు, వదలని మరక. కాస్త ఆ సోడా ఇలా అందుకో."

తర్వాత అదే వరస. ఎద్దుమూపు దిండు అందుకుని, పగలబడి నవ్వి, జనంలోకి విసిరేశాడు. జనం దాన్ని పీలికలు చేసి పంచుకున్నారు. మరొకాయన సంతకంతో ఊరుకోకుండా పుర్రె కూడా గీసిచ్చాడు. "ఈసారి బొమ్మ కూడానా? వీళ్ళ కొంపల్లో కాగితాలుండవా?" అని పిన్ని ఆ పుర్రెని పళ్ళతో సహా ఉతికి ఆరేసింది. ఏళ్ళు గడిచాయి. సంతకాలు వస్తూనే ఉన్నాయి, పిన్ని వాటిని ఉతుకుతూనే ఉంది. ఒక్క మహానుభావుడూ దిండు మీద తల పెట్టలేదు.

"ఉతికినవన్నీ ఏం చేస్తున్నావు? కొట్లో అమ్మేస్తున్నావా?" అని అడిగాను ఒకసారి.

"దిండుకి తలకాయ దొరక్కపోతుందా? ఎక్కడికో పోయాయిలే," అన్నాడు.

చివరికి పెద్దాయన ఆఖరి కచేరీ మా ఊళ్ళోనే అని తెలిసింది. ఆ వార్త, ఫోటో మా పత్రికలోనే వేశాం. బాబాయి దుకాణం తెరవకుండా ఫోటో ముందు కూర్చున్నాడు.

"మెడకి పట్టీ వేశార్రా," అన్నాడు నేను రాగానే.

"వయసైంది కదా బాబాయ్."

"వయసు కాదు, పాట. ఆ గొంతు తోడు లేకపోతే ఆ మోతలో, ఆ దుమ్ములో, నేను ఎప్పుడో యంత్రం అమ్మేసి పోయేవాణ్ణి. ఆయన మెడ అరగదీసుకుని నాకు తోడున్నాడు. వెళ్ళిపోయేలోగా ఒక్కసారి నా దిండు మీద తల పెట్టాలి. ఇక మళ్ళీ రాడు."

దిండు కుట్టాడు, విప్పాడు, మళ్ళీ కుట్టాడు. దూదిలో ఒక్క గింజ మిగలకుండా పిన్ని చేత వెతికించాడు. పాపం ఆవిడ కూడా ఈసారి ఏమీ అనలేదు. "ఈయన కూడా సంతకం పెట్టాడో, వచ్చి నేనే మాట్లాడతాను," అని మాత్రం అంది.

పత్రిక తరఫున నాకు లోపలికి వెళ్ళే వీలుంది. బాబాయిని ఫోటోగ్రాఫరని చెప్పి తీసుకెళ్ళాను. "కెమెరా ఏది?" అని దారిలో ఒకడు అడిగితే బాబాయి దిండు చూపించాడు. వాడు దిండునీ పుర్రెనీ మార్చి మార్చి చూసి వదిలేశాడు.

స్టేజీ వెనక చిన్న గది. చుట్టూ బల్బులున్న అద్దం, మూతలు తీసిన వాద్యాల పెట్టెలు, చల్లారిన టీ. కుర్చీలో మెడ పట్టీతో ఒక బక్కపలచని ముసలాయన. పక్కన గడియారం చూసుకుంటూ మేనేజరు. యంత్రాన్ని ఓడించిన గొంతు ఇంత చిన్న మనిషిలో ఉంటుందా అనిపించింది. దిండు చూడగానే ఆయన చెయ్యి అలవాటుగా కలం కోసం వెళ్ళింది.

"ఎవరి పేరు రాయమంటారు?"

బాబాయి పిల్లి ముందునుంచి పాలగిన్నె తీసినట్టు దిండు వెనక్కి లాక్కున్నాడు.

"సంతకం వద్దండి."

"ఫోటోనా?"

"వద్దండి. తల పెట్టండి."

"ఎక్కడ?"

"దీని మీదేనండి. దిండు మీద ఇంకేం పెడతారు?"

"అయ్యా, కాసేపట్లో స్టేజీ ఎక్కాలి," అని మేనేజరు మధ్యలోకొచ్చాడు. పెద్దాయన చేత్తో ఆపాడు.

"నా మెడ సంగతి మీకెవరు చెప్పారు?"

"మీ మెడే చెప్పిందండి. ముందు వరసలో నిలబడితే వినపడుతుంది."

పెద్దాయన ఆయన వంక చూశాడు, పుర్రె వంక చూశాడు, దిండు వంక చూశాడు. తర్వాత లేచి, మెడ పట్టీ విప్పి, పొడుగాటి డ్రమ్ముల పెట్టె మీద మెల్లగా ఒరిగాడు. బాబాయి దిండు సర్దాడు. తల ఆనింది.

"అబ్బ," అన్నాడు పెద్దాయన. అంత చిన్నగా ఆయన గొంతు లోకంలో ఎవరూ విని ఉండరు.

మరుక్షణం గురక మొదలైంది. ఆ గురక కూడా ఆ గొంతుదే. అద్దం చుట్టూ బల్బులు వణికాయి.

మేనేజరు కంగారుపడి లేపబోయాడు. బాబాయి రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు.

"బయట జనం గోల చేస్తున్నారయ్యా!"

"చేయనివ్వండి. గోల కోసమేగా వచ్చారు."

పావుగంట తర్వాత పెద్దాయన తనంతట తనే లేచి, మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుని, చిన్నపిల్లాడిలా నవ్వాడు. దిండు మేనేజరు చేతికి కూడా ఇవ్వలేదు. తన పెట్టెలో తనే పెట్టి తాళం వేసుకున్నాడు.

"మీకేం కావాలి?" అని అడిగాడు.

"ఇవాళ తల ఊపకుండా పాడండి. చాలు."

పెద్దాయన ఆ మాట మన్నించాడు. ధ్వజస్తంభంలా నిలబడి పాడాడు. జనం నివ్వెరపోయారు. మర్నాటి పత్రికలో నేను 'గంభీరమైన వీడ్కోలు' అని రాశాను.

ఇటు మా బాబాయికే ఘోరం జరిగిపోయింది. ఇన్నేళ్ళలో తల కదపని మనిషి, ఆ సంబరం పట్టలేక, ఆఖరి పాటలో ఒకే ఒక్కసారి తల విదిలించాడు. కలుక్కుమంది. మెడ పట్టేసింది.

"ఒరేయ్," అన్నాడు ఆకాశం వైపు చూస్తూ, "నన్ను ఎక్కడన్నా పడుకోబెట్టరా."

దగ్గర్లో ఉన్నది గేటు పక్క కాపలాగది ఒక్కటే. నడిపించుకుని తీసుకెళ్ళాను. గుబురు మీసాల కాపలాదారు మమ్మల్ని చూసి గబుక్కున లేచాడు.

"అయ్యయ్యో, మీ మెడకేనా? పడుకోండి సార్, పడుకోండి," అని తన బల్ల మీదున్న దిండు దులిపి వేశాడు.

బాబాయి తల పెట్టబోతుంటే ఆ గలీబు మీద నా చూపు పడింది. ఈ చివర నుంచి ఆ చివరకి మసకమసగ్గా ఒక గీత. కొంగమెడ సంతకం! పిన్ని బండకి కూడా పూర్తిగా లొంగలేదు.

"ఇది... ఇది నీకెక్కడిది?" అన్నాను.

"ఈ సారుగారే ఇచ్చారండి. దిండు పొడిచిన పాపానికి తిడతారనుకుంటే, నీ మెడ పట్టేసినట్టుందే అని మళ్ళీ వచ్చి ఇచ్చి వెళ్ళారు. నాకే కాదు, అంబులెన్సు డ్రైవరుకి, టికెట్ల కిటికీ ఆవిడకి, కచేరీ అయ్యాక ఊడ్చే అవ్వకి, అందరికీ ఇచ్చారు. ఏదో సిరా మరక ఉంది గానీ, మహా మంచి దిండండీ."

"మరకా? ఆ మరక ఎవరిదో తెలుసా—"

బాబాయి పడుకున్నచోటి నుంచే నా చొక్కా పట్టి కిందికి గుంజాడు. చెవిలో గుసగుసలాడాడు.

"నోరు ముయ్యరా. ఎవరిదో తెలిసిందంటే రేపట్నుంచి దాని మీద తల పెట్టడు. గోడకి తగిలిస్తాడు. మీ పిన్ని అన్నేళ్ళు బాదింది అందుకే."

బాబాయి కాసేపు కళ్ళు మూసుకుని తలతో దిండుని అటూ ఇటూ పరీక్షించాడు. ఆయన మొహంలో పనిమంతుడి అసంతృప్తి కనిపించింది.

"ఎడమ పక్క దూది అణిగిపోయిందయ్యా. రేపు కొట్టుకి పట్టుకురా, కొత్తది కుట్టి ఇస్తాను."

కాపలాదారు మనిషంతా కాకుండా, మెడ ఒక్కటే తిప్పి, నాకేసి ఒకసారి, బాబాయికేసి ఒకసారి చూశాడు.

"కొత్తది మీరే ఉంచుకోండి సార్. నా తలకి ఇది కుదిరింది. ఇది మాత్రం ఇవ్వను," అన్నాడు. "మీక్కూడా ఈ కాసేపటికే ఇచ్చాను. నొప్పి తగ్గగానే లేవాలి."