పడమటి ఎండకు ఎదురుగా వేసిన పిచ్

ఆ రోజు నేను ఆట ఆపవలసింది. ఆపలేదు.

ఫెరార్గంజ్‌లో ప్రభుత్వ నిర్మాణ పనులు చూసే జూనియర్ ఇంజినీరుగా ఉన్న కాలమది, వానలకు ముందు ఒక మార్చి నెల. సెలవు రోజుల్లో అంపైరింగ్ కూడా చేసేవాణ్ణి. ఇరవైమూడేళ్ల లోపు అమ్మాయిల జట్టు ఎంపికకు నేనే అంపైర్ని. మైదానం కూడా నేను కట్టించిందే.

మా దీవుల్లో వానలకు మట్టి పిచ్ నిలవదు. కాంక్రీటు పలక పోసి, దానిమీద కొబ్బరిపీచు మ్యాట్ పరిచి, అంచులు కొక్కేలకు లాగి కడతాం. తడిసిన మ్యాట్ ఎండలో ఆరుతుంటే వచ్చే వాసన, ఆట అయ్యాక దాన్ని చుట్టి నలుగురం భుజాన మోసుకుపోవడం ఇప్పటికీ గుర్తొస్తాయి. వాలే ఎండ బ్యాటర్ కళ్లలో పడకుండా పిచ్ ఉత్తర దక్షిణాలుగా ఉండాలని నాకు తెలుసు. అలా వేయాలంటే కొండవాలు తవ్వి గోడ కట్టాలి. వానలు రాకముందే పని ముగించే తొందరలో తూర్పు పడమరలుగా వేయించాను. పొద్దు వాలకముందే ఆట ముగిస్తారులే అని సర్దిచెప్పుకున్నాను.

ఆ పొద్దున జల్లు పడింది. మ్యాట్ ఆరేసరికి మధ్యాహ్నం దాటింది. ఇక్కడ ఐదున్నరకే పొద్దు వాలిపోతుంది. నాలుగు దాటాక పద్మ బ్యాటింగుకు వచ్చింది. హోప్ టౌన్ అమ్మాయి, నర్సింగ్ చదువుతోంది. వయసు లెక్కన ఆమెకు అదే ఆఖరి అవకాశం. రెండు బంతులు అందకుండా పోయాక నా వైపు చెయ్యెత్తింది.

"సార్, సూరజ్ సీదా కళ్లలోకొచ్చేస్తంది. బాల్ అవుపడ్డం లేదు. థోడా ఆగుదామా?"

"చష్మా తెమ్మంటావేటి దీదీ?" అంది వెనకనుంచి వికెట్ కీపర్. ఫీల్డర్లు నవ్వారు.

వెలుగు వల్ల ఆట ప్రమాదమనిపిస్తే ఆపే అధికారం అంపైరుది. ఎండ నా వీపును కాలుస్తోంది. ఆమె కళ్లు చిట్లించడం కనిపిస్తూనే ఉంది. కానీ ఆపితే సెలెక్టర్లు కారణం అడుగుతారు, పిచ్ అలా వేసిందెవరో చెప్పాలి. ఆడమని సైగ చేశాను. మరుసటి బంతికే ఆమె బౌల్డయింది. ఆ సాయంత్రం ప్రకటించిన జట్టులో ఆమె పేరు లేదు.

మర్నాడు సెలెక్టర్లకు ఉన్నదున్నట్టు చెప్పాను. జట్టు ప్రకటించేశాం, మార్చలేమన్నారు. ఫెర్రీ ఎక్కి హోప్ టౌన్ వెళ్లి పద్మకూ చెప్పాను. ఆమె మొత్తం విని, "ఇది నిన్న గ్రౌండ్లోనే చెప్పుండాల్సింది సార్" అంది.

పై అధికారి దగ్గర తప్పు నాదేనని ఒప్పుకున్నాను. మందలింపు వచ్చింది, పనికి అనుమతీ వచ్చింది. వానలు తగ్గాక పలక పగలగొట్టించి, కొండవాలు తవ్వించి, గోడ కట్టించి, కొత్త పిచ్ ఉత్తర దక్షిణాలుగా వేయించాను. అప్పటికి పద్మకు వయసు దాటిపోయింది.

కట్టినవాడే దానిమీద తీర్పు చెప్పకూడదని నాకు అలా తెలిసింది. ఆ తర్వాత నేను కట్టించిన ఏ మైదానంలోనూ అంపైరుగా నిలబడలేదు.